బండి వచ్చేలోగా మీరు, బండి వచ్చాక మేము

(సభ్య సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, మహిళా పాల ఉత్పత్తిదారుల శిక్షణ తరగతిలో 108 అంబులెన్సు సిబ్బంది చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సభలో అంబులెన్సు వాళ్ళకేమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు పల్లెలో దీపం వెలిగే చోట్లు రెండే వుంటాయి. ఒకటి మీ పాల కేంద్రం. రెండవది నొప్పులు పడుతున్న ఆడమనిషి ఇల్లు. ఆ రెండవ ఇంటికి దారి తెలియక ఊరి మొగదల మేము బండి ఆపినప్పుడు, ముందుగా మా కంటబడేది క్యాను పట్టుకొని కేంద్రానికి వస్తున్న మీ సభ్యులే. ఎన్నోసార్లు మాకు దారి చూపినది వారే. ఆ పరిచయంతోనే నాలుగు మాటలు మనవి చేయటానికి వచ్చాము.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. తరువాత ఉమ్మడి రాష్ట్రమంతటా, ఇతర రాష్ట్రాలలోనూ విస్తరించింది. ఫోనుకు గాని బండికి గాని పైసా ఇవ్వనక్కరలేదు. బండిలో మేము ఇద్దరము వుంటాము. ఒకరు బండి నడిపే పైలట్, రెండవవారు అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన టెక్నీషియన్. మాలో డాక్టరు ఎవరూ వుండరు. అవసరమైనప్పుడు ఫోనులో వైద్యుని సలహా తీసుకొని పని చేస్తాము. 102 బండి వేరు. అది గర్భిణులను పరీక్షలకు తీసుకుపోవటానికి, ప్రసవం అయిన తల్లీబిడ్డలను ఇంటికి చేర్చటానికి ఏర్పాటు చేసినది. నొప్పులు మొదలై ఆపద తోస్తే మాత్రం 108కే ఫోను చేయాలి.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు దిగింది. ఇందులో ఆసుపత్రి కాన్పులకు, ఆశా కార్యకర్తలకు, ఏ.ఎన్.ఎం.లకు, రోడ్లకు, ఆడపిల్లల చదువుకు అన్నిటికీ వాటా వుంది. మా బండికీ కొంత వుందని అనుకుంటాము. అయితే కేరళలో అదే కాలానికి ఆ సంఖ్య 19. అంటే మనం చేయవలసినది ఇంకా మిగిలే వుంది. ఆ మిగిలిన దానిలో పెద్ద భాగం బండి వచ్చేలోగా జరిగే పనిలో వున్నదని మా అనుభవం.

మూడు ఆలస్యాలు

తల్లులు ఎందుకు చనిపోతున్నారని పరిశీలించి, తడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఒక మాట చెప్పారు. ఆలస్యాలు మూడట. ఆసుపత్రికి పోవాలా వద్దా అని ఇంట్లో తేల్చుకోవటంలో ఆలస్యం మొదటిది. దారిలో ఆలస్యం రెండవది. ఆసుపత్రికి చేరాక వైద్యం అందటంలో ఆలస్యం మూడవది. మేము రోజూ చూసేదీ ఇదే.

మొదటి ఆలస్యం గురించి పాడి రైతులకు నొప్పి కలిగించే మాట ఒకటి చెప్పక తప్పదు. గేదె ఈనటానికి ఇబ్బంది పడుతుంటే మీరు క్షణం ఆగరు. అర్ధరాత్రయినా పశువుల డాక్టరు కోసం మనిషిని పంపుతారు. కోడలికి నొప్పులు వస్తే మాత్రం, “పాలు పోసి వచ్చాక చూద్దాం, ఇంకా టైముంది” అనే ఇళ్ళు మేము చూశాము. వారు చెడ్డవారు కారు. కాన్పు ఆడవాళ్ళ వ్యవహారమనీ, తొందరపడితే నలుగురు నవ్వుతారనీ ఒక అలవాటు. ఆ అలవాటు ఖరీదు ఒక్కొక్కసారి చాలా ఎక్కువ.

ఎప్పుడు ఫోను చేయాలి? నొప్పులు క్రమంగా, దగ్గర దగ్గరగా వస్తున్నప్పుడు చేయాలి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా చేయాలి. నెత్తురు కనబడినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకలు కమ్మినా, ఫిట్సు వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఒక్క నిమిషం ఆగరాదు. తొలిచూలుకు సాధారణంగా ఎక్కువ సమయం పడుతుంది. రెండవ, మూడవ కాన్పులు చాలా వేగంగా అయిపోతాయి. “మొదటిసారి పన్నెండు గంటలు పట్టింది గదా” అని కూర్చున్న ఇళ్ళలోనే మేము గడప దాటకముందే బిడ్డ పుట్టిన సందర్భాలు ఎక్కువ.

ఫోనులో ఏమి చెప్పాలి? జిల్లా, మండలం, ఊరు, వాడ, గుర్తు. ఈ ఐదూ చెప్పాలి. మన జిల్లాలలో కొత్తపల్లి, గొల్లపల్లి వంటి పేర్లు గల ఊళ్ళు ఎన్ని వున్నాయో మీకు తెలుసు. ఒక వానాకాలపు రాత్రి మేము అటువంటి ఊరికే బయలుదేరి, అదే పేరు గల మరో ఊరికి పోయాము. ఫోను చేసిన కుర్రవాడు మండలం పేరు చెప్పకముందే కంగారులో ఫోను పెట్టేశాడు. తిరిగి చేస్తే అందలేదు. మేము కూడా గట్టిగా విచారించకుండా బండి తిప్పాము. ఆ తప్పులో సగం మాదే. సరైన ఊరు చేరేసరికి ముప్పావు గంట ఆలస్యమైంది.

ఆ రాత్రి

ఆ రాత్రి జరిగినది పూర్తిగా చెబుతాము. ఎందుకంటే మేము చెప్పదలచిన పాఠాలన్నీ అందులో వున్నాయి.

వాడలోకి బండి తిరగలేదు. సందు మొదట్లో గడ్డిబండి నిలిపి వుంది. స్ట్రెచరు పట్టుకొని నడిచి వెళ్ళాము. బిడ్డ అప్పటికే పుట్టింది. తల్లికి అది మూడవ కాన్పు. బొడ్డుతాడు కోసి, కోసిన చోట పిడకల బూడిద అద్దారు. బిడ్డకు చన్నీళ్ళు పోసి, చాటలో పడుకోబెట్టారు. ఏడుపు సన్నగా వుంది, ఒళ్ళు చల్లగా వుంది. మాయ పడలేదు. త్వరగా పడాలని ఒక ముసలమ్మ బొడ్డుతాడు పట్టి లాగుతున్నది. తల్లి కింద పరచిన గోనె తడిసిపోయింది. “కాన్పు అన్నాక నెత్తురు పోదా అమ్మా” అన్నారెవరో.

పాడి ఇళ్ళలో అర లీటరు అంటే ఎంతో మేము చెప్పనక్కరలేదు. కాన్పు తరువాత అర లీటరు నెత్తురు పోతే అది ప్రమాదమని వైద్య శాస్త్రం లెక్క. మీ అర లీటరు కొలత కళ్ళ ముందు పెట్టుకోండి. నెత్తురు బట్టలలోకి, మట్టిలోకి ఇంకిపోతుంది గనుక కంటికి తక్కువగా కనబడుతుంది. అట్లా పోతూనే వుంటే గంటా రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు.

మాయ విషయంలో పశువుకూ మనిషికీ తేడా వుంది. ఆవు, గేదె మాయ వేయటానికి ఎనిమిది, పన్నెండు గంటల వరకు చూస్తారు. స్త్రీకి అర గంటలో పడాలి. పడకపోతే ఆసుపత్రి తప్పదు. శిక్షణ లేనివారు లాగితే తాడు తెగవచ్చు, మాయ ముక్క లోపల మిగిలిపోవచ్చు, గర్భసంచి కూడా తిరగబడి బయటికి రావచ్చు. అందుచేత ఎవరూ లాగరాదు.

మేము తల్లి పొట్ట మీద, బొడ్డు దగ్గర చేయి వేసి మర్దన చేశాము. ముడుచుకొన్న గర్భసంచి గట్టిగా బంతిలాగా తగలాలి. మెత్తగా వుంటే నెత్తురు పోతున్నదని అర్థం. సెలైను ఎక్కించాము, వైద్యునికి ఫోను చేసి ఆయన చెప్పిన మందు ఇచ్చాము. బిడ్డను పొడిబట్టతో తుడిచి తల్లి రొమ్ముల మధ్య పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాము. మాయ దారిలో పడింది.

ఆసుపత్రికి చేరాక మరో తప్పు బయటపడింది. ఇది పూర్తిగా మాదే. కంగారులో ముందుగా ఆసుపత్రికి ఫోను చేయలేదు. మేము వెళ్ళిన చోట ఆ వేళ నెత్తురు ఎక్కించే ఏర్పాటు లేదు. అక్కడినుంచి మరొక పెద్ద ఆసుపత్రికి పరుగెత్తాము. మూడవ ఆలస్యమంటే ఇదే. తల్లి బతికింది. రెండు రోజులు ఆమె మాట్లాడలేకపోయింది. బిడ్డ దక్కలేదు.

ఆ ఊరి పేరు మేము చెప్పము. ఆ ఇంట్లో ఎవరి తప్పూ పట్టము. బూడిద అద్దిన చేతులు, తాడు లాగిన చేతులు కూడా ప్రేమతోనే పని చేశాయి. తెలియకపోవటమే శత్రువు. అప్పటినుంచి మా బండిలో ఒక నియమం పెట్టుకొన్నాము. తల్లిని ఎక్కించిన వెంటనే పైలట్ ఆసుపత్రికి కబురు చేయాలి. నెత్తురు, ఆపరేషను వసతి వున్నదా అని అడిగి తెలుసుకోవాలి. దగ్గరి ఆరోగ్య కేంద్రం దాటి ఎందుకు పోతున్నారని మీరు ఒకప్పుడు మమ్మల్ని అడుగుతారు. కారణం ఇదే.

బండి వచ్చేలోగా

ఫోను చేశాక చేయవలసిన పనులు చెబుతాము. తల్లిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిల పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకు అందే నెత్తురు తగ్గుతుంది. పొట్ట మీద ఒత్తరాదు. లోపల చేయి పెట్టరాదు. ముక్కమని ముందుగా బలవంతం చేయరాదు. ఉతికి ఎండలో ఆరేసిన బట్టలు నాలుగు సిద్ధం చేయండి. మాతా శిశు రక్షణ కార్డు చేతిలో పెట్టుకోండి. బి.పి., నెత్తురు శాతం, గ్రూపు, గత కాన్పుల వివరాలు మాకు అందులో దొరుకుతాయి.

ఫిట్సు వస్తే పల్లెల్లో గుర్రపువాతం అంటారు. తాళపుచెవి చేతిలో పెట్టటం, నోట్లో గరిటె పెట్టటం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, దెబ్బ తగలకుండా చూసి, నోట్లో నీళ్ళు పోయకుండా వుంటే చాలు.

ఇక సూది మాట. ఇది పాడి రైతులకు ముఖ్యంగా చెప్పాలి. పశువు పాలు చేపటానికి వేస్తారని మీరు వినే ఆక్సిటోసిన్, గర్భసంచి ముడుచుకొనేటట్లు చేసే మందు ఒకటే. దూడ పొదుగు కుమ్మితే గేదె చేపుతుంది గదా, అప్పుడు దాని ఒంట్లో సహజంగా పుట్టేదీ ఇదే. కాన్పు అయిన తరువాత నెత్తురు ఆగటానికి ఇదే మందును సరైన మోతాదులో ఇస్తారు, అది ప్రాణం నిలుపుతుంది. కాన్పు కాకముందు, త్వరగా అవుతుందని ఎవరైనా ఇంటి దగ్గర వేస్తే గర్భసంచి పగలవచ్చు, లోపల బిడ్డకు ఊపిరి ఆడకపోవచ్చు. అందుచేత నొప్పుల మధ్య ఏ సూదీ ఇంట్లో వేయించవద్దు. ఒకవేళ ఎవరైనా వేసి వుంటే మా దగ్గర దాచవద్దు. మేము ఎవరినీ పట్టివ్వటానికి రాలేదు. ఏమి ఇచ్చారో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం చేయగలరు. పశువులకు కూడా పాల కోసం హాని చేసే సూదులు వేయటాన్ని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం నేరమన్నది, అది మీకు తెలిసినదే.

ఆ మందు చల్లగా వుంటేనే పని చేస్తుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలువ చేయాలి. ఎండకు వదిలిన పాలు విరిగితే కంటికి కనబడుతుంది. ఎండకు చెడిన ఆ మందు మాత్రం చూడటానికి మంచినీళ్ళ లాగానే వుంటుంది. కొట్టులో అల్మారాలో పెట్టిన సూదిని నమ్మవద్దనటానికి ఇది మరో కారణం.

మేము రాకముందే బిడ్డ పుడితే కంగారుపడకండి. తలను చేతితో పట్టుకోండి, లాగవద్దు. పుట్టిన వెంటనే పొడిబట్టతో ఒళ్ళంతా తుడిచి, ఆ తడిబట్ట తీసివేసి, బిడ్డను తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి కప్పండి. ఏడవకపోతే వీపు మీద చేతితో రుద్దండి. తలకిందులుగా వేలాడదీసి కొట్టవద్దు. తాడు కోయనక్కరలేదు, మేము వచ్చి శుభ్రమైన క్లిప్పు వేసి కోస్తాము. తాడు మీద పేడ, బూడిద, పసుపు, నూనె ఏదీ పెట్టరాదు. పేడలో ధనుర్వాతం పుట్టించే క్రిములుంటాయి. ఒకరోజు గడిచేదాకా స్నానం పోయవద్దు. తల్లికి నెత్తురు ఎక్కువగా పోతున్నదనిపిస్తే బొడ్డు కింద పొట్టను గట్టిగా మర్దన చేయండి, బిడ్డను రొమ్ముకు పట్టించండి. బిడ్డ చీకితే గర్భసంచి ముడుచుకొంటుంది. ఇందాక చెప్పిన చేపు సంగతే ఇదీ.

పుట్టిన దూడకు జున్నుపాలు గంటలోగా తాగించాలని మీ తరగతుల్లో నేర్చుకొన్నారు. అదే చేత్తో బిడ్డకు ముర్రుపాలు పిండి పారబోయటం, తేనె నాకించటం ఎందుకు? బిడ్డకూ గంటలోగా తల్లి పాలే పట్టాలి. దూడకున్న హక్కు బిడ్డకూ ఇవ్వండి.

మధ్య దారిలో బండి ఆపారేమిటని మగవారు మమ్మల్ని కోప్పడుతుంటారు. బిడ్డ తల కనబడే దశలో కదిలే బండిలో కాన్పు చేయటం ప్రమాదం. అందుకే రోడ్డు వారగా ఆపి, తలుపులు వేసి, దీపం వేసి కాన్పు చేస్తాము. అప్పుడు కావలసినది తల్లి చేయి పట్టుకొనే ఒక పెద్ద ఆడమనిషి, బయట తొందరపెట్టకుండా వుండే మగవాళ్ళు. అంతే.

బండి పోలేని చోట్లు కూడా వున్నాయి. అల్లూరి సీతారామరాజు జిల్లా వంటి ఏజెన్సీ ప్రాంతాలలో తల్లులను డోలీ కట్టి మోసుకొని వచ్చే కొండ ఊళ్ళు వున్నాయి. అక్కడికోసం మోటారు సైకిలు అంబులెన్సులు ఏర్పాటు చేశారు. సాలూరులో కొండ ఊళ్ళ గర్భిణులను నెలలు నిండకముందే తెచ్చి వుంచటానికి వసతి గృహం నడిపారు. మైదానంలో వున్నవారు కూడా వాగు పొంగే ఊరయితే ఇదే పద్ధతి పాటించాలి. శ్రావణ భాద్రపదాల్లో నెలలు నిండే తల్లిని ముందే వాగు దాటించి బంధువుల ఇంట వుంచండి.

సంఘాలకు మా మనవి

పాల సంఘం ఏమి చేయగలదు? డబ్బు అడగటం లేదు. ఐదు పనులు కోరుతున్నాము.

మొదటిది, పాల కేంద్రం గోడ మీద జిల్లా, మండలం, ఊరు, దగ్గరి పెద్ద గుర్తు, 108 నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. కంగారులో వున్న కుర్రవాడు అది చూసి చదివితే చాలు.

రెండవది, తెల్లవారుజామున, సాయంత్రం పాలు పోసే వేళల్లో కేంద్రం ముందు బండ్లు, క్యాన్లు రోడ్డుకు అడ్డం లేకుండా చూడండి. వాడ సందుల్లో గడ్డిబండ్లు, నాగళ్ళు, కట్టుగొయ్యలు దారి మూయకుండా సభ్యులకు చెప్పండి.

మూడవది, ఆశా కార్యకర్తతో మాట్లాడి, ఏ వాడకు ఏ దారిన పెద్ద బండి పోగలదో తెలిసిన మనిషిని ప్రతి వాడకూ ఒకరిని పెట్టండి. గర్భిణుల పేర్లు బోర్డు మీద రాయవద్దు, అవి ఆశా కార్యకర్త దగ్గర వుంటే చాలు. ఫోను చేశాక ఆ మనిషి లాంతరో టార్చో పట్టుకొని ఊరి మొగదల నిలబడాలి. మీ పాలవ్యాను డ్రైవరుకు తెలిసినన్ని దారులు మాకు తెలియవు. ఆయనను మాకు పరిచయం చేయండి.

నాలుగవది, ఇంట్లో నెలలు నిండిన తల్లి వుంటే ఆ వారం పాలు పోసే పని ఇరుగుపొరుగు సభ్యులు చూసుకొనేటట్లు ఏర్పాటు చేయండి. “గేదెను ఎవరు పితుకుతారు” అనే మాట ఏ తల్లినీ ఇంట్లో ఆపరాదు.

ఐదవది, మహాసభలో ఏడాదికి ఒకసారి ఏ.ఎన్.ఎం.ను పిలిచి ఈ సంగతులు మగవారికి కూడా చెప్పించండి. ఫోను చేసేదీ, బండి పిలిచేదీ, నెత్తురు ఇవ్వటానికి రావలసినదీ ఎక్కువగా వారే. తల్లితోపాటు నెత్తురు ఇవ్వగల ఇద్దరు బయలుదేరితే ఆసుపత్రిలో ఒక ఆలస్యం తగ్గుతుంది.

సహకారమంటే ఒకరి పాలు మరొకరి పాలతో కలిసి క్యాను నిండటమని మీరు మాకు నేర్పారు. ఒక ఇంటి నుంచి వచ్చే అర లీటరు చిన్నదే, వంద ఇళ్ళవి కలిస్తే వ్యాను నిండుతుంది. ప్రాణం నిలపటం కూడా అట్లాగే జరుగుతుంది. ఒకరు సమయానికి ఫోను చేస్తారు, ఒకరు గడ్డిబండి పక్కకు లాగుతారు, ఒకరు లాంతరు పట్టుకొంటారు, ఒకరు బిడ్డను పొడిబట్టతో తుడుస్తారు. ఆ తరువాతనే మా వంతు. ఆ రాత్రి ఆ నాలుగు పనులూ జరిగి వుంటే, మేము కూడా మా పని తప్పు లేకుండా చేసి వుంటే, ఆ బిడ్డ దక్కేదేమోనని ఇప్పటికీ అనుకుంటూ వుంటాము.

మీరు మీ వంతు చూడండి. మేము మా వంతులో తప్పు రానివ్వమని ఈ సభలో మాట ఇస్తున్నాము.